పెద్దదీ చిన్నదీ

మూత ఎత్తడం చేతకాని మనిషి బొగ్గుల గ్రిల్ కొనడానికొచ్చాడు.

రెండు చేతులా పట్టుకుని గుంజాడు. రాలేదు. మోకాలు ఆనించి మళ్లీ గుంజాడు. ముందు భాగంలో కొక్కెం ఉందన్న సంగతే చూసుకోలేదు. పక్కనున్న అమ్మాయి కిసుక్కున నవ్వింది.

ఉషశ్రీ వెనకనుంచి వచ్చి వేలితో కొక్కెం తప్పించింది. మూత తేలిగ్గా పైకి లేచింది.

"ఇలాగండీ" అంది, పసివాడికి పలక పట్టించినట్టు.

అతను తలెత్తి చూశాడు. మొహం పాలిపోయింది.

"పోనీలే పవన్, సిగ్గుపడకు. అందరికీ అన్నీ వస్తాయా?" అంది ఆ అమ్మాయి.

బందరు రోడ్డు మీద ఈ మధ్యే తెరిచిన షోరూం అది. ఖరీదైన వంటసామాన్లు తప్ప ఇంకేం ఉండవు. గవర్నరుపేట బ్రాంచిలో మిక్సీలు అమ్ముకునే ఉషశ్రీని ఈ వారమే ఇక్కడికి మార్చారు. ఆ మాట ఇంట్లో చెప్పింది కూడా. ఎవరూ చెవిన పెట్టలేదు.

"అక్కా, నా పేరు వినీల. తాడేపల్లిలో ఇల్లు తీసుకున్నాం. డాబా మీదకి ఈ సిరామిక్ గ్రిల్ కావాలి. ఏ సైజు కొనాలో తెలియట్లేదు."

మెడలో పసుపుతాడు ఇంకా కొత్తగా మెరుస్తోంది. ఉషశ్రీ చూపు ఒక్క క్షణం అక్కడ ఆగింది.

"ఇంట్లో ఎంతమంది?"

"మేమిద్దరమే. అదీ ఈయన ఊళ్లో ఉంటేనే. వారంలో సగం రోజులు రాజమండ్రి క్యాంపు."

"అలాగా! పాపం, సారుకి ఎంత కష్టమొచ్చింది."

పవన్‌కుమార్ పైన ఏసీ వంక చూస్తున్నాడు.

"ఈయన వంట చాలా బాగా చేస్తారక్కా."

"మీరు తిన్నారా?"

"ఇంకా లేదు. గ్రిల్ కొన్నాక చేస్తానన్నారు."

ఉషశ్రీకి నవ్వొచ్చింది. ఈ రకం మగాళ్లు ఆమెకి కొట్టిన పిండి. ఉప్పు డబ్బా ఏ అరలో ఉంటుందో తెలియదు. తాగిన గ్లాసు సింకు దాకా మొయ్యడానికి చెయ్యి రాదు. కూరలో కారం తగ్గితే మాత్రం కంచం విసిరేస్తారు. గుమ్మం దాటేసరికి నలభీములైపోతారు.

"చూడమ్మా" అంది వినీలతో. "ఈ చిన్నది ఇద్దరికి చాలు. కానీ పండుగప్ప చేప మొత్తంగా పట్టదు, ముక్కలు కొయ్యాల్సిందే. ఆ పెద్దదాంట్లో ఏదైనా పడుతుంది. కాకపోతే ఇద్దరి కోసం వెలిగిస్తే బొగ్గులు దండగ."

"మధ్యది తీసుకుంటాం. ప్యాక్ చేసెయ్యండి" అన్నాడు పవన్‌కుమార్.

"మధ్యది మీకెందుకండీ? ఒక్కదానితో సరిపెట్టుకునేవాళ్లకి అది. మీరు పెద్దదీ చిన్నదీ రెండూ పెట్టుకోండి."

"రెండా?" అంది వినీల.

"సరదాలున్నవాళ్లు అంతేనమ్మా. పెద్దదాంట్లో కోడిని పెట్టి మూతేసి వదిలేస్తారు. అది నిదానంగా మగ్గుతూ ఉంటుంది, ఎవరూ దాని జోలికి పోరు. చిన్నదాంట్లో రొయ్యలు చురుగ్గా కాల్చుకుని వేడివేడిగా తింటారు. రెండూ ఒకేసారి నడపాలంటే మాత్రం నేర్పుండాలి. చిన్నదాని దగ్గరే కూర్చుంటే పెద్దది మాడుతుంది. అప్పుడు ఇల్లంతా పొగే."

వినీల పకపకా నవ్వింది. "విన్నావా పవన్?"

విన్నాడు. చల్లటి ఏసీలో నిలబడి జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"వేరే షాపు చూద్దాం పద."

"ఎందుకూ? అక్క ఇంత బాగా చెప్తుంటే!"

"నాకు పనుంది."

"ఇవాళంతా ఖాళీయే అన్నావుగా!"

"ఖాళీయే అయితే ఒకసారి వెలిగించి చూపించమనండి" అంది ఉషశ్రీ. "వెనక వరండాలో ఒకటి పెట్టాం. సారు చెయ్యి ఎలాంటిదో మనమూ చూద్దాం."

వినీల అతన్ని రెక్క పట్టి లాక్కెళ్లింది.

పవన్‌కుమార్ బొగ్గులు గుమ్మరించాడు. పుల్ల గీశాడు, ఆరిపోయింది. మళ్లీ గీశాడు. ఎలాగో అంటుకుంది. వెంటనే మూతేశాడు. కింద గాలి వెళ్లే తలుపు తెరవాలని తెలియలేదు. మూత ఎత్తేసరికి పొగ మొహాన కొట్టింది. దగ్గుతూ వేడి అంచు పట్టుకుని, చెయ్యి విదిలించుకుంటూ గెంతాడు.

ఉషశ్రీ చేతులు కట్టుకుని చూస్తోంది. ఎంత పని చేసినా మొహం మాత్రం అమాయకంగా పెడతాడు, అనుకుంది. దగ్గరికి వెళ్లాలనిపించలేదు.

వినీల పరుగెత్తింది. అతని చెయ్యి తీసుకుని ఉఫ్ ఉఫ్ అని ఊదింది. చున్నీ కొసతో మసి తుడిచింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగ వల్ల కాదు.

"నావల్లే. నేనే సరదాపడ్డాను" అంది. తర్వాత ఉషశ్రీ వైపు తిరిగింది. "ఈయనకి నా అన్నవాళ్లు ఎవరూ లేరక్కా. చిన్నప్పుడే అంతా పోయారట. మా చల్లపల్లి వాళ్లు ఎంత వద్దన్నా, ఆ ఒక్క మాటకే కరిగిపోయి చేసుకున్నాను."

ఉషశ్రీ మొహంలో నవ్వు ఆగిపోయింది. ఈ పిల్లని వెటకారంతో సాగనంపడం తేలికే. కానీ ఆ కళ్లలో నీళ్లు నిజమైనవి.

"వినీలా, వెళ్దాం. ప్లీజ్" అన్నాడు పవన్‌కుమార్. అప్పటికే గుమ్మం వైపు రెండడుగులు వేశాడు.

ఉషశ్రీ గోడ గడియారం చూసింది. కిందకి వంగి గాలి తలుపు తెరిచింది. బొగ్గులు ఎర్రగా రాజుకున్నాయి. నిటారుగా నిలబడి, అప్పటిదాకా సారు సారు అన్న మనిషి కళ్లలోకి తిన్నగా చూసింది.

"ఏమండీ, బడి వదిలే వేళయింది... మన చిన్నిని ఇవాళ మీరు తీసుకొస్తారా, నన్నే వెళ్లమంటారా?"