ఒక్కడే కొడుకు

“మాకు వీడొక్కడే కొడుకు డాక్టరుగారూ! తమ్ముడూ లేడు, గిమ్ముడూ లేడు!” అంటూ తండ్రి కుర్చీ వెనక్కి తోసి లేచాడు.

కొడుకు తల దించుకున్నాడు. అద్దాలు కోసే దుకాణంలో పనివాడు. కొన్నాళ్ళుగా ఎవరూ లేని చోట కూడా అతనికి ఓ పసిగొంతు వినబడుతోంది. “అన్నా, ఆగు!” అంటుంది, అంతే. ఆ పిలుపుకి ఉలిక్కిపడి నిలువెత్తు అద్దం చేజార్చాడు. అరచెయ్యి తెగింది. దుకాణంలో తోటివాళ్ళు మొహం మీదే ‘పిచ్చోడా’ అనడం మొదలుపెట్టారు.

“కూర్చోండి,” అంది డాక్టరు నెమ్మదిగా. “జబ్బు ఇంకా మొదట్లోనే ఉంది. మందులకి లొంగుతోంది. కానీ ఆ గొంతు వెనక మనసుకి తగిలిన పాత దెబ్బేదో ఉందని నా అనుమానం. దాన్ని భయపడకుండా తలుచుకోగలిగితే గొంతు కూడా తగ్గొచ్చు. బాబూ, నాకు చెప్పింది అమ్మానాన్నలకి చెప్తావా? కష్టమనిపిస్తే అక్కడే ఆపెయ్యి.”

కొడుకు చేతికట్టు కేసి చూస్తూ మొదలుపెట్టాడు.

“వాన పడుతోంది. రోడ్డంతా నీళ్ళు. నేను ముందు నడుస్తున్నాను. వెనకాల చిన్నవాడు నా చొక్కా కొస పట్టుకుని వస్తున్నాడు. ‘అన్నా, ఆగు’ అంటున్నాడు. నాకు విసుగ్గా ఉంది. ఆగలేదు. అక్కడ మురుగుకాలవకి మూత లేదు... ఉన్నట్టుండి చొక్కా తేలికైపోయింది.”

తల్లి ఒళ్ళో సంచిని రెండు చేతులతో అదిమి పట్టుకుంది.

“ఏ సినిమాలోనో చూసుంటాడు,” అన్నాడు తండ్రి. “చిన్నప్పుడు జ్వరమొచ్చి ఇలాగే పలవరించాడు. కావాలంటే ఇంట్లో ఫొటోలన్నీ తెచ్చి మీ ముందు పోస్తాను. ఒక్కదాంట్లో రెండో పిల్లాడుంటే నన్నడగండి.”

“అమ్మా, మీరు చెప్పండి.”

తల్లి భర్త వైపు చూసింది. “ఆయన చెప్పిందే.”

డాక్టరు ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూసింది. “సరే. ఇది జరిగిందో లేదో తేలకుండా నేను ముందుకెళ్ళను. కానీ అబ్బాయి పడే బాధ మాత్రం నిజం. తొందరపడొద్దు.”

“తొందర మీకు లేకపోవచ్చండీ. వీడి బతుకు బండలైపోతోంది!” అని తండ్రి కొడుకు ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. గొంతు దించాడు. “నాన్నా, నా మాట విను. నాకు తమ్ముడు లేడు అను. ఒక్కసారి పైకి అనెయ్. గుండెల మీద బరువంతా దిగిపోతుంది.”

“బలవంతం చెయ్యకండి,” అంది డాక్టరు.

కొడుకు తండ్రి కళ్ళలోకి చూశాడు. తన కోసం కాళ్ళరిగేలా ఆస్పత్రుల చుట్టూ తిరుగుతున్న మనిషి అబద్ధం చెప్తాడా? అసలు తమ్ముడే లేకపోతే ఎవరూ పడిపోలేదు. ఎవరూ పడకపోతే తను ఎవర్నీ చంపలేదు. ఇంత సులువైన దారి పెట్టుకుని ఇన్నాళ్ళూ ఎందుకు ఏడ్చినట్టు?

“నాకు తమ్ముడు లేడు,” అన్నాడు. మళ్ళీ కాస్త గట్టిగా అన్నాడు. “ఎప్పుడూ లేడు. నా బుర్రే పుట్టించింది వాణ్ణి.”

తండ్రి భోరుమన్నాడు. “అదీ! అదీ నా బంగారం!” అంటూ కొడుకు తలని గుండెకి హత్తుకున్నాడు. కొడుకు పసివాడిలా ఒదిగిపోయాడు. ఎన్నాళ్ళకో అతని మొహంలో నవ్వు కనబడింది. తల్లి కేసి చెయ్యి చాచాడు.

“ఇంటికెళ్దాం పదమ్మా. ఇంక వాడు లేడు.”

తల్లి లేచింది. సంచి కింద పడినా చూసుకోలేదు. భర్త “వద్దే, వద్దు” అంటున్నా వినకుండా వచ్చి కొడుకు చెంప ఛెళ్ళుమనిపించింది.

“లేడంటావేరా? వాణ్ణీ నేనే కన్నాను!”