ఎనభై ఎనిమిది డిగ్రీలు

“డౌటమ్మా, మళ్లీ కొలువు. ఎక్కడో పొరపాటు పడుంటావ్,” అంది లెక్కల టీచరు.

“మూడుసార్లు కొలిచాను టీచర్. ఎనభై ఎనిమిదే!” ఎత్తిన చెయ్యి దించకుండా ప్రశ్నలడిగే ఆ అమ్మాయికి పదో తరగతిలో డౌటమ్మ అనే పేరు.

తరగతి గది తెర మీద బడి ఆవరణలోని నీళ్ల ట్యాంకు ఫోటో ఉంది. కోణాల పాఠం కోసం వరండా స్తంభానికి బిగించిన ఫోన్ రోజూ పది గంటలకు తీస్తున్న ఫోటోల్లో అది ఇరవయ్యోది. ఫోటో కింది అంచుకూ ట్యాంకు కాలికీ మధ్య మొదటిరోజు కచ్చితంగా తొంభై డిగ్రీలు. టీచరు ఇరవై ఫోటోలనూ ల్యాప్‌టాప్‌లో వీడియోగా నడిపింది. నలభై అడుగుల ట్యాంకు మెల్లగా పక్కకు ఒరిగింది.

ఆ ట్యాంకు కిందే ఆరో తరగతి పిల్లలు ఆడుకుంటున్నారు.

టీచరు పరుగెత్తింది. చెప్పు ఒకటి ఎక్కడ ఊడిందో కూడా చూసుకోలేదు.

“రండర్రా! బంతి వదిలెయ్ నాన్నా, ముందు నువ్వు రా!”

పిల్లలందర్నీ వరండాలోకి తోలుకొచ్చి స్తంభం చుట్టూ కూర్చోబెట్టింది.

“ట్యాంకు నలభై అడుగులే. మనం అరవై అడుగుల దూరంలో ఉన్నాం. పడినా మనదాకా రాదు,” అంది. వాళ్లకు చెప్పిందో, తనకే చెప్పుకుందో! లెక్కల టీచరే, అయినా తలల లెక్క రెండుసార్లు తప్పింది.

పెద్దసారు మేస్త్రీని పిలిపించాడు. మేస్త్రీ పైకెక్కి, దారానికి కట్టిన ఇనుప గుండును ట్యాంకు కాలి పక్కగా వదిలాడు.

“వెంట్రుకవాసి తేడా లేదమ్మా! నిటారుగా ఉంది.”

టీచరు ఉన్నచోటే కూలబడింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. పెద్దసారు స్తంభానికి ఆనుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు.

“ఇక ఈ ఫోటోలు చాలించి బోర్డు మీదే చెప్పండమ్మా. నా గుండె ఆగిపోయేది!”

డౌటమ్మ ఒక్కతే నవ్వలేదు. ల్యాప్‌టాప్ పట్టుకుని దగ్గరికొచ్చింది.

“టీచర్, ఫోటోలో గేటు కూడా ఎనభై ఎనిమిదే. కరెంటు స్తంభమూ అంతే. అన్నీ కలిసి ఒకేవైపు ఒరుగుతాయా?”

టీచరు నవ్వు ఆగిపోయింది. ఈసారి ట్యాంకు వైపు చూడలేదు, ఫోన్ వైపు చూసింది.

ఫోన్ బిగించిన స్తంభం మీంచి పెద్దసారు బట్టతల మీద గుప్పెడు సున్నం రాలింది.