డాబా మీద పళ్ళెం

సంపూర్ణమ్మ డాబా మీద ఆఫీసరెవరో తెల్లటి పింగాణీ పళ్ళెం పెట్టి వెళ్ళాడని తెలిసిన క్షణం నుంచీ, దాన్ని ఎలా తుడిపించాలా అన్నదే వెంకటకృష్ణారావుకి ఒకటే ధ్యాస అయిపోయింది.

ఆయన కంగారుకి కారణం ఉంది. ఇబ్రహీంపట్నంలో థర్మల్ స్టేషన్ పనులు మొదలైన దగ్గర్నుంచీ ఎంత కంకర కొట్టినా చాలడం లేదు. ఊరి పక్క కొండని తొలుస్తున్న తన క్రషర్‌కి తోడు ఇంకోటి పెడదామని విజయవాడ ఆఫీసులో దరఖాస్తు పెట్టాడు. "మీ దుమ్ము ఊళ్ళో ఎంత పడుతోందో మావాళ్ళొచ్చి చూస్తారు. పర్మిషన్ సంగతి ఆ తర్వాత" అన్నారు అక్కడివాళ్ళు. ఈయనకి అంత ఓపికెక్కడిది? మిషను ముందే తెచ్చి టార్పాలిన్ పట్టా కప్పి ఉంచాడు. పర్మిషన్ రాకపోతే అది పాత ఇనుము కింద ఆటోనగర్‌కి పోవాల్సిందే.

ఆ వచ్చినాయన్ని వెంకటకృష్ణారావు కళ్ళారా చూశాడు. ప్యాంటు, ఇన్‌షర్టు, నల్లకళ్ళద్దాలు, జేబులో రెండు పెన్నులు. స్కూటరు దిగి, సంపూర్ణమ్మ అరుగు మీద వేలితో రాసి చూసుకుని, మొహం చిట్లించి, కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఆఫీసరంటే ఇంకెలా ఉంటాడు? అలాంటివాణ్ణి పట్టుకుని తమరెవరని అడిగితే ఫైలు అటకెక్కుతుందని ఆ చుట్టుపక్కల పసిపిల్లలకి కూడా తెలుసు. అందుకే వెంకటకృష్ణారావు పెద్దమనిషిలా ఎదురెళ్ళి కొబ్బరిబోండం కొట్టించి ఇచ్చాడు. ఆయన తాగి, నవ్వి, వెళ్ళిపోయాడు.

సాయంత్రానికల్లా సంపూర్ణమ్మ గుమ్మంలో ఉన్నాడు. వడియాలు అమ్ముకునే ఆమెని ఏనాడూ మనిషిగా పలకరించని నోటికి ఆ పూట మర్యాద ఎక్కడ్నించి ఊడిపడిందో తెలియదు.

"సంపూర్ణమ్మగారూ, ఆ పళ్ళెం సంగతేంటండీ?"

ఆమె ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసింది. "నెల తిరిగాక వచ్చి చూస్తారంటండి. దుమ్ము లేకపోతేనే ఒప్పుకుంటారంట. ఉంటే ఇంక ఆ మాటే ఎత్తొద్దన్నారు."

ఆయన గొంతు తగ్గించి, "మీరు రోజూ కాస్త తుడిచి పెడితే..." అన్నాడు.

"తుడవడానికేం భాగ్యం? కానీ ఆయన మధ్యలో ఎప్పుడు దిగబడతారో. పొద్దున తుడిస్తే మజ్జానానికి మీ దుమ్ము మళ్ళీ మేటేస్తది. అయినా రావుగారూ, డాబా అంతా బూడిద కొట్టుకుపోయి పళ్ళెం ఒక్కటే తళతళలాడితే ఆయన నమ్ముతారంటారా?"

అంత దూరం ఆయన ఆలోచించలేదు. "మరేం చేద్దామంటారు?"

"క్రషర్ దగ్గరా రోడ్డు మీదా నీళ్ళు కొట్టించండి. లారీలకి పట్టాలు కట్టించండి. నెల్లాళ్ళేగా. పళ్ళెం సంగతి నేను చూసుకుంటా."

"మీకేమివ్వమంటారు?"

"నాకేం వద్దు లెండి. నీళ్ళు సరిగ్గా కొట్టిస్తే అదే పదివేలు."

ఇంత వెర్రిబాగుల మనిషి ఈ రోజుల్లో కూడా ఉందా అని జాలిపడుతూ ఇంటికి వెళ్ళాడు వెంకటకృష్ణారావు.

మర్నాటి నుంచే ట్యాంకర్లు దిగాయి. "రాళ్ళకి తలంటి పోస్తున్నట్టుందండి" అని మేస్త్రీ కాశీరావు మూతి ముడిచినా ఆయన వినలేదు. పళ్ళెం తెల్లగా ఉండాలి, అంతే. ఊళ్ళోవాళ్ళు మాత్రం పండగ చేసుకున్నారు. ఎన్నాళ్ళకో డాబాల మీద ఒరుగులు, వడియాలు, మిరపకాయలు పరుచుకున్నాయి. రాత్రిళ్ళు పక్కలు కూడా అక్కడే వేసుకున్నారు. తన నీళ్ళతో వీళ్ళంతా ఊరికే సుఖపడిపోతున్నారని ఆయనకి కడుపు మండింది గానీ, పైకి అనలేక మింగాడు.

నెల తిరిగింది. స్కూటరు వచ్చింది. వెంకటకృష్ణారావు ఎదురింటి డాబా మీంచి చూశాడు. నల్లకళ్ళద్దాలాయన డాబా ఎక్కి పళ్ళెం మీద వేలితో రాశాడు. వేలు చూసుకున్నాడు. నవ్వుతూ సంపూర్ణమ్మకి తల ఊపాడు. ఆ తల ఊపుతో ఈయన ప్రాణం లేచొచ్చింది.

గండం గడిచిందిగా, తెల్లారేసరికి ట్యాంకర్లు వెనక్కి పంపేశాడు. లారీల పట్టాలు ఊడబీకించాడు. నీళ్ళ కోసం ఆగి ఆగి నెల నుంచీ వెనకబడిన పనంతా ఒక్కరోజులో లాగెయ్యమన్నాడు. క్రషర్ గర్జించింది. లారీలు ఒకదాని వెనక ఒకటి ఊరి మధ్య నుంచి పరిగెత్తాయి.

మధ్యాహ్నం ఆ దుమ్ములోంచి ఒక జీపు బయటికొచ్చి సంపూర్ణమ్మ ఇంటి ముందు ఆగింది. అందులోంచి దిగినాయనకి కనుబొమలు కూడా నెరిసిపోయినట్టున్నాయి. చంకలో ఫైలుంది. వెంకటకృష్ణారావు పరిగెత్తుకొచ్చాడు.

"మీ దుమ్ము ఊళ్ళో ఎంత పడుతోందో చూసి రమ్మన్నారండి" అన్నాడాయన, దగ్గి దగ్గి. "చూశాను."

"అయ్యో, మీవాళ్ళు నిన్ననే వచ్చి చూసి ఒప్పుకున్నారు కదండీ. పళ్ళెం కూడా పెట్టారు. కావాలంటే ఈవిడనడగండి."

"మావాళ్ళెవరండీ? మా ఆఫీసులో ఈ పనికి నేనొక్కణ్ణే."

వెంకటకృష్ణారావు మెల్లగా సంపూర్ణమ్మ వైపు తిరిగాడు. ఆమె ఆఫీసరుగారికి మొహం కడుక్కోవడానికి చెంబుతో నీళ్ళందించి, తాపీగా చెయ్యి తుడుచుకుంది.

"ఆయన ఆఫీసరని నేనెప్పుడన్నానండీ? విజయవాడ వన్ టౌన్ కిరాణా షావుకారుగారి అల్లుడుగారు. పోయినేడు నా వడియాల్లో రాతిపొడి తగిలిందని, ఈసారి పళ్ళెం పెట్టి చూశాకే కొంటానన్నారు. మీ పుణ్యమా అని నిన్న రాత్రే ఆటో పంపి సరుకంతా తెప్పించుకున్నారు."