నీళ్లు తాగే గోడ

తొంభై మూడులో షాద్‌నగర్ అవతల కడుతున్న గోదాముకు తాజుద్దీన్ కాపలా. ఫ్యాక్టరీలో పోసిన గోడలను లారీల్లో తెచ్చి, క్రేనుతో ఒక్క పూటలో నిలబెట్టారు. "వీటికి నీళ్లు పట్టక్కర్లేదు. అతుకుల్లో సిమెంటు రేపు పోస్తాం. అందాకా కర్రలే ఆసరా" అని చెప్పి ఇంజనీరు వెళ్లిపోయాడు.

కానీ తాజుద్దీన్ పాత మేస్త్రీ. కొత్త గోడను దాహంతో వదిలేస్తే అతనికి నిద్ర పట్టదు. చీకటి పడ్డాక బక్కెటెడు నీళ్లు గోడ మీద చల్లాడు. ఒక్క చుక్క కూడా నేలకు జారలేదు. అతుకు లోపల ఎవరో గుటకలు వేస్తున్న చప్పుడు మాత్రం వినిపించింది.

గోడకు అటువైపు భార్య ఖమర్ పడుకుని ఉంది.

"ఖమర్, నీ దిక్కు నీళ్లొచ్చినయా?"

"రాలే. నువ్వు జర గోడను నెట్టుడు బంద్ చెయ్యి. మీద దుమ్ము రాలుతాంది."

తాజుద్దీన్ గోడను ముట్టుకోనే లేదు. కందిలి ఎత్తి, సాయంత్రం తానే బిగించిన ఆసరా కర్రను పట్టుకున్నాడు. అది వదులుగా చేతిలోకి వచ్చేసింది. గోడ దాన్ని వదిలి అవతలికి ఒరిగింది.

"ఖమర్, లే! బయటికి ఉరుకు!"

ఆమె జవాబు రాకముందే, గుటకల చప్పుడు ఆగిపోయింది.