రేకు వీణ

“దీన్ని వీణ అనకు బిక్షపతీ. దీంట్లో పప్పు వండుకోవచ్చు,” అన్నాడు చిదంబరం, అల్యూమినియం కుండను గోటితో టంగుమనిపిస్తూ.

“మీ పనస వీణ పొయ్యిల కట్టెలకు పనికొస్తది సారూ. రెండూ కలిస్తే వంట అయితది,” అన్నాడు బిక్షపతి.

ఉప్పల్‌లోని ఆ సంగీత పాఠశాల హాల్లో కూర్చున్న అమ్మాయిలు చున్నీలు అడ్డం పెట్టుకుని నవ్వారు. శ్యామలాదేవి టీచరు మాత్రం నవ్వలేదు. పోయిన ఎండాకాలం ఆవిడ బడిలో నాలుగు వీణలు నెర్రెలు విచ్చాయి. ఇప్పుడు పది కొత్తవి కావాలి. ముప్పై ఏళ్ళుగా ఆవిడకు పనస దుంగ తొలిచి వీణలు చేసి ఇస్తున్నది చిదంబరం. బిక్షపతిది నాచారంలో రేకు పని. బస్సుల విడిభాగాల పని చేతిలోంచి జారిపోయి మూడు నెలలైంది. పగలని వీణ చేసిస్తానని అతను ముందుకొచ్చింది సంగీతం మీద ప్రేమతో కాదు. ఈ పది వీణలూ దక్కితే షెడ్డు నిలుస్తుంది, లేకపోతే తాళం పడుతుంది. అంతవరకే అతని లెక్క.

“పగలకపోవడం ఒక్కటే చాలదు, నాదం కూడా ఉండాలి,” అంది టీచరు. “తెర వెనక రెండూ ఒకే చేత్తో మీటించండి. కొత్తది బాగుంటే కొత్తదే తీసుకుంటాను. రెండూ సమానంగా ఉంటే మాత్రం నా మాట చెక్కకే. ముప్పై ఏళ్ళ అలవాటు వదలాలంటే కారణం ఉండాలి కదా.”

“ఎవరి చెయ్యి మేడం?”

“చిదంబరం గారిది. మీకు వీణ పట్టుకోవడం కూడా రాదాయె.”

పాలకు పిల్లిని కాపలా పెట్టినట్టే ఉందనుకున్నాడు బిక్షపతి. కానీ చేసేదేముంది? తన రేకు వీణకు తీగలు కట్టిందీ, మైనంలో మెట్లు కూర్చిందీ కూడా కూలి పుచ్చుకుని చిదంబరమే. ఆ పని తెలిసినవాడు ఈ చుట్టుపక్కల ఇంకొకడు లేడు. గత్యంతరం లేనప్పుడు ఎదుటివాడి నిజాయితీని కూడా పెట్టుబడిలో కలుపుకోవాల్సిందే.

“జర న్యాయంగ మీటున్రి సారూ. నా దాని మీద చెయ్యి తగ్గియ్యకున్రి.”

“చెయ్యి తగ్గితే అమ్మగారి చెవికి తెలియదూ?” అన్నాడు చిదంబరం.

అదీ నిజమే. బిక్షపతి చీటీ మీద ‘ముందు చెక్క, తర్వాత రేకు’ అని రాసి, చిదంబరానికి చూపించి, మడిచి ఒక అమ్మాయి చేతికిచ్చాడు. రెండు వీణలూ తెర వెనక్కి వెళ్ళాయి. వాటి వెనకే చిదంబరం వెళ్ళాడు.

మొదటిసారి మోహన రాగం మోగింది. బాగానే ఉందనిపించింది బిక్షపతికి. బాగుండడమే అతని భయం. రాగం అయిపోయింది. తెర వెనక కాసేపు సర్దుకున్న చప్పుడు.

మళ్ళీ అదే రాగం. తీగ మోగిన క్షణంలోనే బిక్షపతి తన రేకును గుర్తుపట్టాడు. ఈ గుండ్రదనం తను కొట్టిన సుత్తి దెబ్బలదే. ఈ నునుపు తను పట్టిన గ్రైండరుదే. బస్సు రేకులు వంచిన చేతుల్లోంచి ఇలాంటిది పుడుతుందని ఎవరనుకున్నారు? కళ్ళలో నీళ్ళు తిరిగితే, పక్కనున్న అమ్మాయి చూడకుండా మోచేత్తో తుడుచుకున్నాడు.

రాగం ముగిశాక టీచరు కళ్ళు తెరిచింది.

“మొదటిది చెవి దాకా వచ్చి ఆగింది. రెండోది లోపలికి వచ్చింది,” అంది. “నాకు రెండోదే కావాలి. చీటీ చదువమ్మా.”

అమ్మాయి చదివింది. హాల్లో గుసగుసలు లేచాయి. టీచరు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

“సరే, మాట మాటే. పదీ రేకువే చేయండి. కానీ ఇవాళ నేను విన్న నాదం పదింట్లోనూ ఉండాలి. ఒక్కదాంట్లో లేకపోయినా పదీ వెనక్కి పంపుతాను.”

“రాసిస్త మేడం,” అన్నాడు బిక్షపతి. అక్కడే కాగితం అడిగి రాసి, సంతకం పెట్టాడు. బయటికొచ్చి షెడ్డులో ఉన్న తమ్ముడికి ఫోన్ చేశాడు. “నరేందర్, ఉన్న రేకంత పది కుండలకు కోసెయ్.”

“ఒక్కసారే ఎందుకన్నా? ఒకటి చేసి సూద్దాం.”

“సూసుడు అయిపోయింది. కొయ్ రా.”

తిరిగొచ్చేసరికి టీచరు పిల్లలను పాఠానికి పక్క గదిలోకి తీసుకెళ్ళింది. తెర వెనక చిదంబరం ఇంకా చాప మీదే ఉన్నాడు. గెలిచినవాడికి కాస్త దయ చూపించడం తేలిక. బిక్షపతి అతని పక్కన చతికిలబడ్డాడు.

“ఫికర్ చెయ్యకున్రి సారూ. పదింటికీ తీగలు, మెట్లు మీరే కట్టాలె. మీ కూలి మీకు వస్తది. ఏం వాయించిన్రు సారూ, నా వీణ నాకే కొత్తగ అనిపించింది.”

చిదంబరం తల ఎత్తలేదు.

“అమ్మగారు రెండూ సమానం అంటారనుకున్నానయ్యా,” అన్నాడు గొంతు తగ్గించి. “నీ రేకును నేను ముట్టుకోలేదు. రెండుసార్లూ నా పనసనే మీటాను.”