నంద్యాల వంతు

వీధిలో ఎవరూ లేని పొద్దు చూసుకొని నా మొగుడి అన్న ఓబులేసు నా ఇంటికొచ్చినాడు. ఆళ్లగడ్డలో ఎరువుల అంగడి ఆయనది.

“సరోజా, నాకూ హెచ్ఐవీ ఉందంట. మందులు నువ్వే తెచ్చిపెట్టు. నంద్యాల ఆసుపత్రి లైన్లో ఎవరన్నా చూస్తే నా పరువు పోతాది.”

ఇండ్లకు మందులు తెచ్చిచ్చే సంస్థ ఈ మధ్యనే మూతబడింది. విదేశాల నుంచి దుడ్లు రావడం ఆగిపాయ. అప్పట్నుంచి రోగులమే వంతులేసుకొని, నెలకొకరం నంద్యాల పోయి అందరి మందులూ తెస్తాండాం.

నీళ్లిస్తే గటగటా తాగినాడు.

“వచ్చే నెల వంతు నీదే, బావా.”

“నేనా? మనిషిని పంపిస్తాలే.”

“మనిషి వద్దు. లైన్లో నువ్వే నిలబడాల. నా మాత్రలు గూడా నీ చేత్తోనే తేవాల.”

తలుపు సందులోంచి వీధిలోకి తొంగి చూసినాడు. చివరికి సరేనన్నాడు.

గ్లాసు కింద పెట్టబోతా దాని అంచున ఉన్న గీత చూసి ఆగిపోయినాడు. నాకు ఈ జబ్బుందని తెలిసిన దినం, నా గ్లాసు ఉమ్మడింటి గ్లాసుల్లో కలవకుండా మేకుతో గీత గీసి, నన్నూ దాన్నీ వసారాలోకి తోసింది ఆయనే.

“అది తీసకపో బావా,” అన్నా. “నీ ఇంట్లో గ్లాసుల్లో మాత్రం కలపాకు.”