తొట్టి దగ్గర బోర్డు

"ఆ బోర్డు మార్చేదాకా నేనిక్కణ్ణుంచి కదలను," అంది డెల్మా, పొడవాటి చెక్కతొట్టికి అడ్డంగా నిలబడి.

కోట అధికారి గ్రెగ్ గడియారం చూసుకున్నాడు. పదయింది. పదిన్నరకి కోట చూడ్డానికొచ్చే పిల్లల స్కూలు బస్సు వస్తుంది.

"డెల్మా గారూ, పోయినేడూ ఇదే గొడవ, అంతకుముందేడూ ఇదే గొడవ. రాతలో ఆధారం తెస్తే మారుస్తానన్నానా లేదా? మీ ముత్తవ్వ చెప్పిందంటే పైవాళ్ళు ఒప్పుకోరు."

"మా ముత్తవ్వ ఇందులో తిన్న మనిషి నాయనా. తిన్న మనిషి మాట చెల్లదా?"

"చెల్లదని నేననట్లేదు. మాటని ఫైల్లో పెట్టలేం అంటున్నా."

బోర్డు మీద ‘గుర్రాల తొట్టి’ అని ఇత్తడి అక్షరాలు మెరుస్తున్నాయి. పచ్చి ఇటుకల గోడకి అవతల బ్యాంకు వాళ్ళ ఇరవై అంతస్తుల మేడ. పొద్దున పూట దాని నీడ కోట ముంగిలి సగం ఆక్రమిస్తుంది. ఈ లోయలోకి మొదటగా వచ్చిన తెల్లవాళ్ళు కట్టుకున్న కోట అని నగరమంతా దీన్ని పసిబిడ్డలా చూసుకుంటుంది. డెల్మాది అంతకుముందు నుంచీ ఈ లోయలో ఉన్న మివోక్ తెగ.

"ఇవాళొచ్చే బస్సులో నా మనవరాలు రెనీ ఉంది," అంది డెల్మా. "పోయినేడు దానన్న ఇదే బస్సులో వచ్చాడు. బోర్డు చదువుకుని ఇంటికొచ్చి ఏమన్నాడో తెలుసా? ‘అమ్మమ్మా, నువ్వు చెప్పేవన్నీ కోతలే, అది గుర్రాలది’ అన్నాడు. ఆ మాట పిల్ల నోట కూడా వినమంటావా?"

గ్రెగ్ మళ్ళీ గడియారం చూసుకున్నాడు. డెల్మా సంచిలోంచి మడత కాగితం తీసి అతని చేతిలో పెట్టింది.

"మావాళ్ళ మాట చెల్లదన్నావుగా. ఇది మీవాడే రాసింది. ఇక్కడ పనిచేసిన వడ్రంగి వాళ్ళన్నకి రాసుకున్న ఉత్తరం. లైబ్రరీ చుట్టూ మూడేళ్ళు తిరిగితే దొరికింది."

అతను నించునే చదివాడు. ‘పని జనానికి తవుడు జావ కాచి తొట్టిలో పోస్తారు. గిన్నెల్లేవు, గరిటెల్లేవు. ఆడా మగా పిల్లాజెల్లా అందరూ మోకాళ్ళ మీద కూచుని చేతుల్తో తోడుకుని తింటారు. మళ్ళీ తీసుకెళ్ళి గదిలో పెట్టి తాళం వేస్తారు. ఆ తొట్టి చేసింది నేనే. నేను చేసింది గుర్రాలకి.’

గ్రెగ్ మళ్ళీ మొదట్నించీ చదివాడు. అతని ముఖం వాడిపోయింది. చెడ్డవాడేం కాదు, కాగితం మీద కనపడనిదాన్ని నమ్మడం చేతకానివాడు, అంతే.

"నన్ను క్షమించండి," అన్నాడు.

జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి బోర్డు తనే ఊడదీశాడు. లోపలికెళ్ళి పెద్ద అట్టమీద కొత్త బోర్డు అచ్చేసి తెచ్చి అక్కడే తగిలించాడు.

‘ఈ తొట్టిలో తిన్నది గుర్రాలు కాదు, ఈ కోటలో నిర్బంధంగా పనిచేసిన మివోక్ జనం. వారికి గిన్నెలు, గరిటెలు ఇచ్చేవారు కాదు. మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో తినేవారు.’

డెల్మా ఒక్కో మాట మీదా వేలు పెట్టి చదువుకుంది. కళ్ళు తుడుచుకుంది. ఎన్నేళ్ళ బరువో దిగిపోయినట్టయింది ఆమెకి. ఇంక రెనీ తన కళ్ళతో తనే చదువుకుంటుంది. అమ్మమ్మ కోతలు కొయ్యలేదని తెలుసుకుంటుంది.

ముంగిట్లో పొయ్యి మీద, పిల్లలకి పాతకాలపు తిండి రుచి చూపడానికి పెద్ద జావకుండ కలుపుతున్న మార్సీని గ్రెగ్ కేకేశాడు. పిల్లలకి కోటంతా తిప్పి చూపించేది ఆవిడే. రిటైరైన టీచరు, పాతకాలపు పొడుగు గౌను, తలకి గుడ్డ.

"బోర్డు మారింది మార్సీ. చదివి, పిల్లలకి దాని ప్రకారమే చెప్పండి."

మార్సీ చదివి గుండెల మీద చెయ్యేసుకుంది.

"అయ్యో దేవుడా, ఎంత ఘోరం. ఇన్నేళ్ళూ పిల్లలకి అబద్ధం చెప్పానా నేను? మీరు దిగులు పడకండి డెల్మా గారూ. జన్మలో మర్చిపోకుండా చెప్తాను."

"ఉత్తరం ఫైల్లో చేరాలంటే మీ సంతకాలు కావాలి," అన్నాడు గ్రెగ్. "మూడు ఫారాలున్నాయి, లోపలికి రండి."

రెండో ఫారం నింపుతుండగా బయట బస్సు ఆగిన చప్పుడయింది. పిల్లల గోల మొదలైంది. ఆ కోటలో పిల్లలు దేన్నీ ఊరికే చూసి పోరు. చెయ్యి పెట్టి చేసి చూడాలి, అదీ అక్కడి పద్ధతి. కొవ్వొత్తులు పోస్తారు, తాళ్ళు పేనుతారు, పిండి పిసుకుతారు. ఆ కేరింతలన్నీ కిటికీలోంచి ఒక్కొక్కటే వినపడుతున్నాయి. డెల్మా పేరు, ఊరు, ఫోన్ నంబరు, ఉత్తరం దొరికిన చోటు అన్నీ ఓపిగ్గా రాసింది. ఇవాళ ఇంకో పది ఫారాలిచ్చినా రాసేట్టుంది.

మూడో సంతకం పెడుతుండగా బయట అంతా నిశ్శబ్దమైంది. చదువుతున్నారు కాబోలనుకుంది. ఇంతలోనే పకపకా నవ్వులు, వెంటనే చప్పట్లు. కలం అక్కడే పడేసి గబగబా బయటికి వచ్చింది.

తొట్టి నిండా వెండికాగితం పరిచి ఉంది, శుభ్రత కోసం. దానిమీద జావ పొగలు కక్కుతోంది. మార్సీ ఖాళీ కుండ పట్టుకుని కళ్ళనీళ్ళతో నిలబడింది. ముప్ఫై మంది పిల్లలు అటూ ఇటూ మోకాళ్ళ మీద వరసగా కూచుని తమ వంతు కోసం చూస్తున్నారు. పిల్లలతో వచ్చిన టీచరు ఫోను ఎత్తి ఫోటో తీస్తోంది. వరస మొదట్లో మోచేతుల దాకా జావతో రెనీ ఒక్కతే తింటోంది. అమ్మమ్మని చూడగానే దాని ముఖం వెలిగిపోయింది.

"అమ్మమ్మా, ఇది మనవాళ్ళదేనని అందరికీ చెప్పా. అందుకే మొదటి వంతు నాకే ఇచ్చారు."